పురుగులింటి మడి, నా కడుపులో తిత్తి

మా అత్తగారింట్లో దేవుడి గూటికి లేని మడి పురుగులింటికి ఉండేది. దేవుడికి దీపం పెట్టాలంటే చేతులు కడుక్కుంటే చాలు. పట్టుపురుగులను పెంచే ఆ పొడవాటి రేకుల కొట్టంలోకి పోవాలంటే మాత్రం ముందు కాళ్లు కడుక్కోవాలి, గడప ముందర పరిచిన సున్నప్పొడి తొక్కాలి, బ్లీచింగ్ నీళ్లలో చేతులు ముంచాలి. తలలో పూలుండకూడదు. మొహానికి పౌడరుండకూడదు. వక్కాకు నమిలే నోటితో, అగరొత్తి వెలిగించిన చేత్తో లోపలికి రాకూడదు. ఘాటు వాసన తగిలితే పురుగు మేత ముట్టదని మా అత్త నమ్మకం. వీటన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇంకొకటుంది. దొడ్డికి పోయొచ్చినవాళ్లు ఒంటిమీద నీళ్లు పోసుకుని, కట్టుకున్న బట్ట విడిచి వేరే బట్ట కట్టుకున్నాకే పురుగుల దగ్గరికి రావాలి. ఇది కూలివాళ్లకూ ఒకటే, మా ఆయనకూ ఒకటే. పట్టుపరిశ్రమ ఆఫీసు నుంచి పురుగులు చూడడానికి వచ్చిన సారును సైతం గడప దగ్గర ఆపి, "పొద్దున పొయ్యొచ్చినాక నీళ్లు పోసుకున్యారా సార్?" అని అడిగింది మా అత్త. పాపం ఆయన మొహం ఎర్రబడింది. పోసుకున్నానని నోటితో చెప్పాకే దారి ఇచ్చింది.

పెళ్లై దిబ్బూరహళ్ళి పక్కనున్న ఆ ఊరికి వచ్చిన కొత్తలో ఇదంతా చూసి నేను లోలోపల నవ్వుకునేదాన్ని. మాది చింతామణి. మా నాయన కూరగాయల మండీలో వ్యాపారం చేసేవాడు. నాకు టమోటా నాణ్యం తెలుసుగానీ పురుగు సంగతి ఏం తెలుసు? ఆ కట్టుబాటు ఊళ్లో అందరికన్నా నా పీకలమీదికే వస్తుందని అప్పుడు తెలియదు. తెలిసుంటే అంత నవ్వేదాన్ని కాదు.

పెళ్లైన కొద్దికాలానికే నాకు రక్తంతో విరేచనాలు మొదలయ్యాయి. చింతామణిలో అమీబా అన్నారు. చిక్కబళ్ళాపురంలో మూలశంక అన్నారు. చుట్టాలంతా వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు, ఎండుద్రాక్ష నీళ్లు, రాగంబలి, ఎవరు ఏది చెబితే అది తాగాను. చివరికి బెంగళూరులో ఒక పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూసి, పెద్దపేగంతా పుండ్లేనని తేల్చారు. కొన్నేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చాం. మాత్రలకు లొంగని రోజు వచ్చాక, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆ పేగును మొత్తంగా తీసేశారు. చిన్నపేగు కొసను మడిచి కుట్టి లోపలే ఒక తిత్తిలా చేశారు. పోయిన పేగు చేసే పనిలో కొంత ఇకమీద ఆ తిత్తి చేస్తుందని డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. నాకు లేనిది పెద్దపేగు, ఉన్నది పెద్ద నోరు అని మా ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

లోపలి కుట్లు మానేదాకా తిత్తికి పని పెట్టకూడదట. అందుకని పొట్టకు కుడిపక్కన చిన్న రంధ్రం చేసి, పేగును అక్కడిదాకా తెచ్చి, దానిమీద ఒక సంచి అంటించారు. తిన్నదంతా పల్చగా ఆ సంచిలోకి వచ్చేది. నిండితే ఖాళీ చేసుకోవాలి, కొన్నాళ్లకొకసారి ఊడదీసి కొత్తది అంటించుకోవాలి. మొదట్లో నాకు దాన్ని చూస్తేనే వాంతి వచ్చేది. మా అత్తే అన్నీ చేసింది. గోరువెచ్చని నీళ్లతో చుట్టూ తుడిచి, మెత్తటి పాతగుడ్డతో అద్ది, సంచి అంటించి, అరచేత్తో నొక్కి పట్టుకునేది. ఒక్కరోజు కూడా మొహం చిట్లించలేదు. కన్నతల్లి చేస్తుందా అంతగా అనిపించేది నాకు.

అదే అత్త, నేను లేచి తిరగడం మొదలుపెట్టాక, పురుగులింటి వైపు అడుగేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"సంచి ఉన్నన్నాళ్లు ఈపక్క రావద్దమ్మా. నీ మింద అసయ్యం కాదు. వాసన పడదు పురుగులకి."

అసహ్యం కాదని నాకు తెలుసు. అసహ్యమైతే పోట్లాడేదాన్ని. అసహ్యం లేదు గనకే పోట్లాడడానికి ఏమీ దొరకలేదు, అది ఇంకా మండింది. పురుగులున్న రోజుల్లో ఆ ఇంటి మాటలు, నవ్వులు, తగవులు అన్నీ ఆ కొట్టంలోనే. బయట ఇంట్లో పొయ్యి కూడా సరిగ్గా వెలిగేది కాదు. నేను వసారాలో గోడకు ఆనుకుని, లోపల పురుగులు ఆకు కొరికే చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. సన్నగా వాన పడుతున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. పొట్టకు సంచి వేలాడుతుంటే రాని ఏడుపు ఆ చప్పుడు వింటే వచ్చేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పురుగు నాలుగుసార్లు మేత మానేసి, కదలకుండా పడుకుని, చర్మం విడుస్తుంది. దాన్ని మావాళ్లు జ్వరం అంటారు. ఆఖరి జ్వరం లేచిన పురుగుకు ఆకలి ఎక్కువ, జబ్బు భయమూ ఎక్కువ. ఆకు తడిగా ఉన్నా, ముదిరినా, వేళ తప్పినా పంటంతా పోతుంది. అందుకే ఆ దశలో ఆకు వేసే పని మా అత్త అందరికీ ఇచ్చేది కాదు. నమ్మిన చేతులకే ఇచ్చేది. జబ్బు ముదరకముందు, చింతామణి మండీ నుంచి వచ్చిన నా చేతులకు ఆ నమ్మకం సంపాదించడానికి చాలా పంటలు పట్టాయి. అది పోయిందనేదే నా బాధ. పేగు పోయినందుకు కూడా అంత బాధపడలేదు, అబద్ధమెందుకు.

కొన్ని నెలలకు మళ్లీ కోసి, రంధ్రం మూసేశారు. సంచి పోయింది. తిత్తి పనిలోకి దిగింది. మామూలు మనుషులకన్నా ఎక్కువసార్లే పోవాల్సి వచ్చేది, కానీ ఆపుకోగలిగేదాన్ని, వేళ చూసుకుని పోగలిగేదాన్ని. తర్వాతి పంటకు మా అత్త పురుగులింట్లో కట్టుకునే పాతచీర నా మంచం మీద పెట్టి వెళ్లింది. ఆ చీరను మొహానికి పెట్టుకుని కాసేపు అట్లానే కూర్చున్నాను. మల్బరీ ఆకు వాసన, సున్నం వాసన. ఇక జబ్బనేది నా జోలికి రాదు, జబ్బున్న పేగునే పారేశారు కదా అనుకున్నాను. మా ఇంట్లో అందరూ అదే అనుకున్నారు.

ఏడాది దాటాక బాగేపల్లిలో మా ఆయన దూరపు చుట్టాల పెళ్లికి పోయాం. పెళ్లి సత్రం నిండా జనం, ఆడవాళ్లందరికీ కలిపి ఒకటే బాత్రూం. తాళి కట్టేవేళకు నా కడుపులో మెలిపెట్టడం మొదలైంది. పోయొచ్చి కూర్చుంటే మళ్లీ. లోపల ఏమీ లేకపోయినా తొందర తొందర. అక్షింతలు నా పిడికిట్లోనే ఉండిపోయాయి. బాత్రూం తలుపు ముందు వరుసలో నిలబడ్డ పట్టుచీరల మధ్య నా చీర తడిసింది. ఎవరూ చూడలేదని మా ఆయన అన్నాడు. అందరూ చూశారు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడింది, కూర్చుంటే కింద సలుపు.

ఇంటికి రాగానే మా అత్త అడిగింది.

"పేగే తీసేసినాక జబ్బు యాడ్నుంచి వచ్చాదమ్మా? ఉండేదానికి దానికి చోటేదీ?"

నాకూ అదే ప్రశ్న. డాక్టరు మోసం చేశాడనే అనుకున్నాను. ఆ కోపంతోనే బెంగళూరు పోయాను. ఆయన గొట్టంతో చూసి, ఇది పాత జబ్బు తిరిగి రావడం కాదన్నాడు. కుట్టిన తిత్తి వాచిందట. ఇట్లా కుట్టించుకున్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుందట. రెండు వారాలు మాత్రలు వేసుకోమన్నాడు. వాటిలో ఒకటి వేసుకుంటే నోరంతా తుప్పుపట్టిన ఇనుము రుచి. సంగటి తిన్నా ఇనుమే, పాయసం తాగినా ఇనుమే. కానీ కొద్దిరోజుల్లోనే కడుపు నిమ్మళించింది. సంతోషంతో ఆ ఇనుమును కూడా మన్నించేశాను.

కొన్నాళ్లకు మళ్లీ వాచింది. ఈసారి మాత్రలు నెమ్మదిగా పనిచేశాయి. గది బయటికి వస్తుంటే డాక్టరు వెనక్కి పిలిచి చెప్పాడు. ఇది మాటిమాటికీ వస్తూ మాత్రలకు లొంగకపోతే తిత్తికి విశ్రాంతి ఇవ్వాల్సి వస్తుంది, అంటే మళ్లీ సంచి, ఒక్కోసారి అది ఎప్పటికీ ఉండిపోవచ్చు. ఆయన మామూలుగానే చెప్పాడు. నా చెవుల్లో మాత్రం పురుగులు ఆకు కొరికే చప్పుడు మొదలైంది. మళ్లీ ఆ వసారా, ఆ గోడ, అడ్డంపెట్టిన ఆ చెయ్యి.

అందుకే మూడోసారి వాచినప్పుడు నేను ఎవరికీ చెప్పలేదు. బెంగళూరుకు పోతే సంచి అంటాడు. పోకపోతే అనడు కదా! ఆ రోజుల్లో నా లెక్క అది. అప్పటికి మా కొట్టంలో పురుగులు ఆఖరి జ్వరం లేచాయి. వేసిన ఆకు వేసినట్టే మాయమవుతోంది. మా ఆయన తోటలో కొమ్మలు కోసి తెచ్చి పడేస్తుంటే, నేనూ అత్తా వేస్తున్నాం. మధ్యలో నాకు కడుపు మెలిపెట్టేది. పోయిరావాలి, ఒంటిమీద నీళ్లు పోసుకోవాలి, చీర మార్చుకోవాలి, సున్నం తొక్కాలి, చేతులు ముంచాలి, లోపలికి రావాలి. ఇంకో వరుస ఆకు వేసేలోపల మళ్లీ మెలి. దండెం మీద నా చీరలు ఆరేలోపలే మళ్లీ తడిసేవి. బోరులో నీళ్లు అంతంతమాత్రం. తొట్టి అడుగంటుతుంటే మా అత్త తొట్టివైపు చూసింది. ఆ చూపు నాకు చాలు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. తింటేనే కదా పోవాల్సి వచ్చేది? తాగితేనే కదా? పొద్దున లేచినప్పటి నుంచి ఏమీ తినకుండా, గొంతు తడుపుకోవడానికి తప్ప ఏమీ తాగకుండా పురుగులింట్లోకి పోయాను. కడుపు మెలిపెట్టింది గానీ పోయే పని తగ్గింది. మర్నాడు ఇంకా తగ్గింది. నేను గెలిచానని అనుకున్నాను, నిజంగానే. అన్నం వడ్డిస్తే, నోరంతా ఇనుము రుచి అత్తా, మళ్లా తింటా అని పక్కన పెట్టేదాన్ని. పోయినసారి మాత్రలే ఇంకా మింగుతున్నానని ఆమె అనుకుంది, అసలు మాత్రలే లేవని ఆమెకేం తెలుసు? పైగా సంతోషపడింది.

"ఈతూరి మాత్రలు బాగా పనిచేస్తాండాయే! పొద్దుట్నుంచి గడప దాటలేదు నువ్వు."

ఆ మాటకు కడుపు నిండినట్టే అనిపించింది. ఆమె వెనకాల వెనకాల తిరుగుతూ ఆఖరి వరుసలకు కూడా నేనే ఆకు వేశాను. తల తిరిగేది. నాలుక పిడచగట్టుకుపోయేది. తొట్టి పక్కగా నడిచేటప్పుడు నీళ్లవైపు చూసేదాన్ని కాదు.

పురుగు పండిన రోజు వచ్చింది. పండడమంటే మేత మానేసి, ఒళ్లు తేనెరంగు తేలి, వెలుతురుకు పెడితే లోపలంతా కనపడేట్టు కావడం. తల ఎత్తి, గూడు కట్టుకోవడానికి చోటు వెతుక్కుంటుంది. అప్పుడు దాన్ని ఏరి, చంద్రికలనే వెదురు తడికెల మీద వెయ్యాలి. ఆలస్యమైతే ఉన్నచోటే చెత్తలో గూడు కట్టేస్తుంది, ఆ గూళ్లు సంతలో ఎవరూ ముట్టరు. అందుకని ఆ రోజు ఇంట్లో ఎవరూ వేరే పని పెట్టుకోరు. ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా వస్తారు. వాళ్ల పురుగు పండినరోజు మేం పోతాం. అందరినీ మా అత్త గడప దగ్గర నిలబెట్టి, మామూలు ప్రశ్నలన్నీ అడిగి, లోపలికి వదిలింది.

నేను వంగి ఏరుతున్నాను. పిక్కలు పట్టేశాయి. పట్టించుకోలేదు. ఒక పురుగును అరచేతిలోకి తీసుకున్నాను, తర్వాత వేళ్లు కొంకర్లు పోయాయి. చెయ్యి తెరుచుకోదు. లోపల పురుగు మెత్తగా కదులుతోంది. నలిగిపోతుందేమోనని భయం తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు. "అత్తా" అని పిలిచాను. మోకాళ్లమీద కూలబడ్డాను. మా అత్త వచ్చి నా వేళ్లను ఒకటొకటిగా విడదీసి, పురుగును తీసి చంద్రిక మీద వేసింది. ఆ తర్వాతే నన్ను పట్టుకుంది. ముందు పురుగు, తర్వాత కోడలు. ఎంతమంది ముందర చెప్పి ఎగతాళి చేశానో ఈ మాట.

కానీ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. మా ఆయన నన్ను ఎత్తుకుని బయటికి తెచ్చాడు. నా మొహం, లోపలికి పోయిన నా కళ్లు వెలుతుర్లో చూసి మా అత్త కేక వేసింది.

"ఆటో పిలువప్పా! నించోని చూస్తాండావేమి? పురుగు గిరుగు మళ్లా చూస్తాం."

పండిన పురుగులను పొరుగువాళ్ల చేతుల్లో వదిలేసి, ఆమె నాతోపాటు ఆటో ఎక్కింది. పురుగులింటి చీర ఆ కొట్టం దాటి బయటికి రావడం అంతకుముందు ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆ చీరతోనే, ఆకు పసరు అంటిన చేతులతోనే, చెప్పులు కూడా లేకుండా చింతామణిదాకా నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

చింతామణిలో చిన్న నర్సింగ్ హోం. లేడీ డాక్టరు నా చర్మం గిల్లి వదిలి చూసింది. గిల్లినచోట చర్మం ముడతపడి అట్లాగే నిలబడింది. సెలైన్ పెట్టించి, ఎన్నాళ్లనుంచి నీళ్లు తాగలేదని అడిగింది. నేను కావాలనే మానేశానని నా మొహం చూసే పట్టేసింది. పెద్దపేగు చేసే పనే నీళ్లూ ఉప్పూ పీల్చుకోవడం, అది లేనిదానివి అందరికన్నా ఎక్కువ తాగాలి, విరేచనాలప్పుడు ఇంకా ఎక్కువ, కడుపు మాడిస్తే లోపలి వాపు పోతుందని ఎవరు చెప్పారని గట్టిగా కోప్పడింది. ఇంకొక్కరోజు ఆగి ఉంటే కిడ్నీలు దెబ్బతినేవట. మా అత్త మంచం కోడు పట్టుకుని అంతా వింది. డాక్టరు బయటికి పోగానే నామీదికి తిరిగింది.

"నా పురుగుల మడి నీ ప్రాణం కంటే ఎక్కువని ఎవురు చెప్పినారే నీకు?"

నీరసంగా ఉన్నా నా నోటికి నీరసం లేదు.

"నువ్వే చెప్పినావత్తా. సంచి ఉండేటప్పుడు గడప తొక్కద్దన్లేదా? తిత్తి మళ్లా వాచిందని చెప్తే బెంగుళూరికి పిల్చుకపోతారు, ఆయప్ప సంచి పెడ్తాడు, నువ్వు బయట కూర్చోబెడ్తావు. నేను పల్లెత్తు మాట అన్లేదు. తినకుండా తాగకుండా లోపలుంటి. అంతే."

చెప్పేసరికి నాకు ఏడుపు వచ్చింది. సెలైన్ సూది ఉన్న చేత్తోనే కళ్లు తుడుచుకోబోతే ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. బయటికి పోయి, ఉప్పు కలిపిన మజ్జిగ తెచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ముందునుంచి కదల్లేదు.

తేరుకున్నాక బెంగళూరు పోక తప్పలేదు. మా ఆయన గూళ్లు తీసి సంతకు వేయాలి గనక అత్తే నాతో వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆమె బెంగళూరు రావడం అదే మొదటిసారి. డాక్టరు గొట్టంతో చూసి, తన గదికి పిలిచి, ఇద్దరినీ కూర్చోమన్నాడు. తిత్తి బాగా వాచింది, లోపల పుండ్లున్నాయి. ఈసారి రెండురకాల మాత్రలు కలిపి, ఎక్కువకాలం ఇచ్చి చూస్తాను. లొంగకపోతే మాత్రం సంచి గురించి మాట్లాడుకోవాలి అన్నాడు.

ఆ మాత్రలకు తిత్తి లొంగిందని, సంచి రాలేదని ఇక్కడే చెప్పేస్తాను. లొంగింది అంటే ఊరికే కాదు, ఏళ్ల తరబడి చిన్న మోతాదులో మాత్ర మింగుతూనే ఉన్నాను, మధ్యమధ్యలో వాస్తూనే ఉంటుంది, రేపేమవుతుందో ఆ డాక్టరుకూ తెలియదు. కానీ ఆ రోజు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు ఇవేవీ తెలియవు. అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. నా పెద్ద నోరు నాకు పనికి రాకుండా పోయిన రోజు అదొక్కటే.

అప్పుడు, అంతవరకూ బల్లవైపు చూస్తూ కూర్చున్న మా అత్త తలెత్తింది. ఆమె బెంగళూరు డాక్టర్లతో కన్నడమే మాట్లాడుతుంది, తెలుగు మావైపువాళ్ల మీద కోప్పడడానికి.

"చీల ఇద్రూ హుళద మనేలి కెలస మాడబహుదా సార్?"

సంచి ఉన్నా పురుగులింట్లో పని చేయొచ్చునా అని. నాకు తల కొట్టేసినట్టయింది. నేను బతుకుతానా చస్తానా అని అడగాల్సినచోట పురుగులేనా! ఇక్కడ కూడా ముందు పురుగులేనా! డాక్టరుకూ అర్థం కాలేదు. ఏ పురుగులు అన్నాడు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, ఆకు దగ్గర నుంచి చంద్రికల దాకా విడమరిచి చెప్పింది. వాసనకు పురుగు మేత మానేస్తుందని చెప్పింది. మొదటిసారి సంచి ఉన్నప్పుడు తనే కోడల్ని గడప బయట పెట్టానని చెప్పింది. అది తప్పో ఒప్పో తనకు చెప్పేవాళ్లు లేరని, మీరు చదువుకున్నారు గనక చెప్పమని అడిగింది. ఆ మాట వినేదాకా ఆమె అడుగుతున్నది నా గురించేనని నాకు తట్టలేదు. నేను ఎన్ని నెలలుగానో లోపల నొక్కిపెట్టుకున్న ప్రశ్న, ఏ ప్రశ్న కోసం నీళ్లు మానుకున్నానో ఆ ప్రశ్న, ఆమె నా బదులు అడుగుతోంది.

డాక్టరు నవ్వలేదు. సరిగ్గా అంటించిన సంచి నుంచి వాసన బయటికి రాదని, కారదని, అది పెట్టుకుని వంటలు చేసేవాళ్లున్నారు, పొలం పని చేసేవాళ్లున్నారని చెప్పాడు. ఖాళీ చేసుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలన్నాడు. ఆమె ఊరుకోలేదు, కన్నడంలోనే మళ్లీ అడిగింది.

"అయితే పోయొచ్చినప్పుడల్లా నీళ్లు పోసుకోవాలన్నది? చీర మార్చుకోవాలన్నది?"

చేతులు కడుక్కుంటే చాలని ఆయన మళ్లీ చెప్పాడు. మా అత్తకు వాళ్ల అత్త పెట్టిన కట్టుబాటు అది, జీవితమంతా మోసింది. ఆఖరికి సరేనన్నట్టు తలాడించి, నావైపు తిరిగి తెలుగులోకి వచ్చింది.

"ఇన్యావు గదా. తిత్తే ఉండనీ, సంచే రానీ, పండిన పురుగు ఏరేది నువ్వే. ఎవురన్నా కాదంటే నేనుండా. పొద్దుట్నుంచి ఏమన్నా తాగినావా నువ్వు?"

తాగలేదు. బెంగళూరు నుంచి చింతామణి దాకా బస్సు ప్రయాణముంది, మధ్యలో ఆపమంటే ఆపుతాడో లేదో తెలియని బస్సు. ఆమె తన చేతిసంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పి, నా చేతిలో పెట్టింది. డాక్టరు చూస్తుండగానే మొత్తం తాగేశాను.